స్మార్ట్ సైకిలు ట్రైనరు - బహుళ యాప్‌ల అనుసంధానం

స్మార్ట్ సైకిలు ట్రైనరు అనేది మామూలు సైకిలును ఇంటిలోనే ఒకచోట కదలకుండా నిలిపి తొక్కడానికి వీలు కల్పించే వ్యాయామ పరికరం. తొక్కేవారి పవర్, వేగం, నిమిషానికి పెడల్ చుట్ల సంఖ్య వంటి వివరాలను ఇది తీగలు లేకుండానే ఫోనుకు గాని, కంప్యూటరుకు గాని పంపుతుంది. ఫోనులోను, కంప్యూటరులోను ఉండే శిక్షణా యాప్ తిరిగి పంపే ఆజ్ఞను బట్టి పెడల్ బరువును తనంతట తానే పెంచుకొంటుంది, తగ్గించుకొంటుంది. ఇలాంటి ట్రైనరును ఒకే సమయంలో రెండు లేక అంతకంటె ఎక్కువ యాప్‌లకు కలపడాన్ని ఈ వ్యాసంలో బహుళ అనుసంధానం అని వ్యవహరించడమైనది.

ఎండలు, వానలు, రహదారి రద్దీ కారణంగా ఏడాది పొడవునా రోడ్డుమీద సాధన చేయడం కష్టమైన నాయుడుపేట వంటి పట్టణాలలో ఈ పరికరం ఉపయోగకరమైనది. అయితే బహుళ అనుసంధానంలో ఒక మూలసూత్రాన్ని గుర్తుంచుకోవాలి. ట్రైనరు పంపే సమాచారాన్ని ఎన్ని యాప్‌లైనా వినవచ్చును, కాని ట్రైనరుకు ఆజ్ఞ ఇచ్చే యాప్ ఒక్కటే ఉండాలి. ఈ విషయంలో ఎదురయ్యే ఇబ్బందులలో ఎక్కువ భాగం ఈ సూత్రాన్ని పాటించకపోవడం వల్ల కలిగేవే.

పరికరం పనిచేసే విధానం

ట్రైనర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో సైకిలు వెనుక చక్రం ట్రైనరులోని ఒక రోలరుకు ఒరుసుకొంటూ తిరుగుతుంది. రెండవ రకంలో వెనుక చక్రాన్ని పూర్తిగా తీసివేసి, సైకిలు చైనును నేరుగా ట్రైనరుకు ఉన్న పళ్ళచక్రాలకు తగిలిస్తారు. దీనిని డైరెక్ట్ డ్రైవ్ ట్రైనరు అంటారు. మొదటి రకంలో టైరులోని గాలి, రోలరు ఒత్తిడి మారితే కొలతలు కూడా మారుతాయి. రెండవ రకంలో ఆ చిక్కు లేదు.

స్మార్ట్ ట్రైనర్లలో నిరోధం సాధారణంగా విద్యుదయస్కాంతాల ద్వారా కలుగుతుంది. అయస్కాంతానికి అందే విద్యుత్తు పెరిగినకొద్దీ తిరిగే చక్రానికి అడ్డు పెరుగుతుంది, పెడల్ బరువెక్కుతుంది. ఆ నిరోధాన్ని యాప్ రెండు విధాలుగా నియంత్రిస్తుంది.

ఎర్గ్ పద్ధతి: తొక్కేవారు ఇన్ని వాట్ల పవర్ ఇవ్వాలని యాప్ నిర్ణయిస్తుంది. ఉదాహరణకు 200 వాట్లు అని ఆజ్ఞాపిస్తే, పెడల్ వేగంగా తిప్పినా నెమ్మదిగా తిప్పినా పవర్ 200 వాట్ల దగ్గరే ఉండేటట్లు ట్రైనరు నిరోధాన్ని సరిచేసుకొంటుంది.

అనుకరణ పద్ధతి: తెరమీద కనిపించే దారి వాలును బట్టి నిరోధం మారుతుంది. సైకిలుతో కలిపి 80 కిలోల బరువున్న వ్యక్తి 5 శాతం ఎత్తును గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, గురుత్వాకర్షణను ఎదుర్కోవడానికే సుమారు 109 వాట్లు కావాలి. ట్రైనరు ఇటువంటి లెక్కను అనుసరించి ఎత్తు ఎక్కుతున్న అనుభూతిని కలిగిస్తుంది.

ఈ రెండు పద్ధతులు ఒకదానికొకటి పొసగవు. ఒక యాప్ ఎర్గ్ పద్ధతిలోను, మరొకటి అనుకరణ పద్ధతిలోను ఒకే ట్రైనరుకు ఆజ్ఞలు పంపితే ఏమవుతుందో దిగువన వివరించడమైనది.

చరిత్ర

కంప్యూటరుతో అనుసంధానమయ్యే సైకిలు ట్రైనరు కొత్త ఆలోచన కాదు. అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన రేసర్‌మేట్ సంస్థ 1980వ దశకంలోనే కంప్యూట్రైనర్ అనే పరికరాన్ని తయారుచేసింది. అది తీగ ద్వారా కంప్యూటరుకు కలిసేది. దాని తయారీ 2017లో ఆగిపోయింది.

2011లో ట్రైనర్‌రోడ్ అనే శిక్షణా సేవ మొదలైనది. 2012లో అట్లాంటాకు చెందిన వాహూ ఫిట్‌నెస్ సంస్థ కికర్ అనే ట్రైనరును ప్రకటించింది. ఫోనునుండి తీగలు లేకుండా నియంత్రించగల ట్రైనర్లకు ప్రాచుర్యం రావడంలో దీని పాత్ర పెద్దది. 2014లో జ్విఫ్ట్ అనే సేవ ప్రయోగాత్మకంగా ప్రారంభమై, ఊహాలోకపు దారులలో ఇతరులతో కలిసి తొక్కే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. చెక్ దేశానికి చెందిన రూవీ నిజమైన దారుల దృశ్యాలను చూపుతుంది. అబుధాబి కేంద్రంగా పనిచేసే మైవూష్ ఉచితంగా లభిస్తున్నది.

2020లో కరోనా వ్యాధి కారణంగా జనం ఇళ్ళకే పరిమితమైనపుడు ఈ సేవల వాడకం బాగా పెరిగింది. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య మొదటి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను 2020 డిసెంబరు 9న జ్విఫ్ట్‌పై నిర్వహించింది. పురుషులలో జర్మనీకి చెందిన జేసన్ ఓస్‌బోర్న్, మహిళలలో దక్షిణాఫ్రికాకు చెందిన ఆష్లీ మూల్మన్ పాసియో విజేతలైనారు.

ఈ రంగంలో సేవలు వచ్చినంత త్వరగా పోవడం కూడా కద్దు. 2022లో వాహూ కొనుగోలు చేసిన ఆర్‌జీటీ అనే సేవ 2023లోనే మూతపడింది. కాబట్టి ట్రైనరును ఎన్నుకొనేటపుడు ఏదో ఒక యాప్‌ను కాక, అన్ని యాప్‌లకు అర్థమయ్యే ప్రామాణిక భాషలు ఆ ట్రైనరుకు వచ్చునా అన్నది చూడడం మేలు.

సమాచార మార్గాలు

యాంట్ ప్లస్

ఇది కెనడాకు చెందిన డైనాస్ట్రీమ్ సంస్థ రూపొందించిన పద్ధతి. ఈ సంస్థను 2006లో గార్మిన్ కొనుగోలు చేసింది. యాంట్ ప్లస్ పనితీరును ఆకాశవాణి ప్రసారంతో పోల్చవచ్చును. ట్రైనరు తన సమాచారాన్ని సెకనుకు సుమారు 4 సార్లు ప్రసారం చేస్తుంది. పరిధిలో ఉన్న గ్రాహకాలన్నీ, అవి ఎన్ని ఉన్నప్పటికీ, దానిని అందుకోగలవు. బహుళ అనుసంధానానికి ఇది సహజంగా అనువైనది. ట్రైనరుకు ఆజ్ఞలు పంపడానికి ఇందులో ఎఫ్ఈ-సీ అనే విభాగం ఉన్నది.

కంప్యూటరులో యాంట్ ప్లస్ వాడాలంటే సాధారణంగా యూఎస్‌బీ రేడియో ముక్క అవసరం. సైకిలు కంప్యూటర్లు చాలావరకు దీనిని నేరుగా అందుకొంటాయి. ఐఫోన్‌లలో ఈ సౌకర్యం లేదు. గార్మిన్ సంస్థ యాంట్ ప్లస్ ధ్రువీకరణ కార్యక్రమాన్ని 2025లో ముగించింది. ఇప్పటికే ఉన్న పరికరాలు పనిచేస్తూనే ఉంటాయి. కాని కొత్తగా కొనేవారు బ్లూటూత్ సామర్థ్యాన్ని కూడా తప్పక చూసుకోవాలి.

బ్లూటూత్ లో ఎనర్జీ

తక్కువ విద్యుత్తుతో పనిచేసే ఈ పద్ధతి 2010లో వెలువడిన బ్లూటూత్ 4.0 ప్రమాణంలో భాగమైనది. ఇది ప్రసారం వంటిది కాదు, టెలిఫోను సంభాషణ వంటిది. ట్రైనరు మొదట తన ఉనికిని చాటుతుంది. ఒక ఫోను గాని కంప్యూటరు గాని దానితో సంబంధం కలుపుకొంటుంది. పాత ట్రైనర్లు చాలావరకు ఒక్క సంబంధాన్నే అంగీకరిస్తాయి. అది కుదిరిన తరువాత ఉనికిని చాటడం మానివేస్తాయి కాబట్టి రెండవ పరికరానికి అవి కనిపించవు. కొత్త నమూనాలు కొన్ని ఏకకాలంలో రెండు లేక మూడు సంబంధాలను అనుమతిస్తాయి. ఈ సంఖ్య నమూనాను బట్టి మారుతుంది కాబట్టి తయారీదారు ఇచ్చిన వివరాలను చూసుకోవాలి.

బ్లూటూత్‌లో సమాచారాన్ని సేవలుగా విభజించారు. వాటికి సంఖ్యలు ఉంటాయి. పవర్ వివరాలు ఇచ్చే సేవ సంఖ్య 1818. వేగాన్ని, పెడల్ చుట్లను ఇచ్చే సేవ సంఖ్య 1816. వ్యాయామ యంత్రాలను నియంత్రించే సేవ సంఖ్య 1826. ఈ మూడవదానిని ఎఫ్‌టీఎంఎస్ అంటారు. 2017లో ఈ ప్రమాణం రాకముందు ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క సొంత ఆజ్ఞాభాషను వాడేవారు. అందువల్ల అన్ని యాప్‌లు అన్ని ట్రైనర్లను నియంత్రించగలిగేవి కావు.

వైఫై, తీగ

2020లో వచ్చిన కికర్ నమూనాకు ఈథర్‌నెట్ తీగ తగిలించే ఏర్పాటును, 2022లో వచ్చిన నమూనాకు నేరుగా వైఫై సౌకర్యాన్ని వాహూ కల్పించింది. ఇంటి నెట్‌వర్క్ ద్వారా ఒక యాప్‌ను కలిపితే బ్లూటూత్ మార్గాలు మిగతా యాప్‌ల కొరకు ఖాళీగా ఉంటాయి.

వినడం, ఆజ్ఞాపించడం

ఎఫ్‌టీఎంఎస్ ప్రమాణం ప్రకారం ఒక యాప్ ట్రైనరును నియంత్రించాలంటే మొదట నియంత్రణాధికారాన్ని కోరాలి. ట్రైనరు సమ్మతిస్తే ఆ యాప్ వాలును గాని, వాట్ల లక్ష్యాన్ని గాని పంపవచ్చును. సమ్మతించకపోతే అనుమతి లేదన్న జవాబు వస్తుంది. సంబంధం తెగిపోయినపుడు గాని, అధికారం పోయిందని ట్రైనరు తెలిపినపుడు గాని ఆ హక్కు ముగుస్తుంది.

ఆచరణలో అన్ని ట్రైనర్లు, అన్ని యాప్‌లు ఈ మర్యాదను ఒకే విధంగా పాటించవు. ముఖ్యంగా ఒక యాప్ బ్లూటూత్ ద్వారాను, మరొకటి యాంట్ ప్లస్ ద్వారాను ఆజ్ఞలు పంపుతున్నపుడు ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. అపుడు చివరగా అందిన ఆజ్ఞే చెల్లుబాటవుతుంది. ఒక యాప్ 200 వాట్లు ఉంచమంటుంది. మరుక్షణం రెండవ యాప్ దారి పల్లమైనదని నిరోధాన్ని తగ్గిస్తుంది. మొదటి యాప్ మళ్ళీ పెంచుతుంది. పెడల్ ఒక క్షణం బిగుసుకొని, మరొక క్షణం ఒక్కసారిగా వదులవుతుంది. బలంగా తొక్కుతున్న సమయంలో ఇది మోకాళ్ళకు శ్రమ కలిగిస్తుంది, ఆనాటి సాధన చెడిపోతుంది. పరికరం పాడైనదని భ్రమపడి మరమ్మతుకు పంపేవారు కూడా ఉంటారు.

కాబట్టి యాప్‌లను కలిపేముందే, ఆజ్ఞాపించేది ఏది, వినేది ఏది అని నిర్ణయించుకోవాలి. శిక్షణా ప్రణాళిక ప్రకారం తొక్కే రోజున ప్రణాళిక యాప్‌కు, కొండదారి అనుభూతి కావలసిన రోజున దృశ్య యాప్‌కు అధికారం ఇవ్వాలి.

ఒకటి కంటె ఎక్కువ యాప్‌ల అవసరం

ఒకే సమయంలో రెండు యాప్‌లు వాడడానికి సాధారణంగా ఈ క్రింది కారణాలుంటాయి.

- ప్రణాళికకు ఒక యాప్, వినోదానికి మరొకటి. శిక్షణా యాప్ వాట్లను నిర్ణయిస్తుండగా, తెరమీద వేరొక యాప్ దారిని, తోటివారిని చూపిస్తుంది.
- వేరుగా నమోదు. ఇంటర్నెట్ తెగినా, కంప్యూటరు ఆగిపోయినా ఆనాటి వివరాలు పోకుండా సైకిలు కంప్యూటరులో గాని ఫోనులో గాని మరొక ప్రతి మిగులుతుంది.
- కొలతల పోలిక. ట్రైనరు చూపే వాట్లను, పెడల్‌లోని పవర్ మీటరు చూపే వాట్లను పక్కపక్కన ఉంచి చూడవచ్చును.
- పోటీల నిబంధనలు. ఆన్‌లైన్ పందేలలో ఉన్నత స్థాయి పోటీదారులు రెండు వేర్వేరు మూలాలనుండి పవర్‌ను నమోదు చేసి చూపవలసి ఉంటుంది. దీనిని ద్వంద్వ నమోదు అంటారు. తొక్కేవారు కంటికి కనిపించని పందెంలో నిజాయితీకి ఇదే సాక్ష్యం. రెండు యాప్‌లూ ఒకే ట్రైనరును వింటే అది ద్వంద్వ నమోదు కాదు. ఒక నమోదు ట్రైనరునుండి, రెండవది దానితో సంబంధం లేని పవర్ మీటరునుండి రావాలి.

అసలు రెండవ యాప్ అవసరమేనా అన్నది కూడా ఆలోచించదగినది. ప్రణాళికలోని వ్యాయామాన్ని ఫైలుగా దించుకొని దృశ్య యాప్‌లోనే నడిపించే వీలు చాలా సందర్భాలలో ఉన్నది. ట్రైనింగ్‌పీక్స్ వంటి సేవలనుండి ఆనాటి వ్యాయామం నేరుగా జ్విఫ్ట్‌లోకి వస్తుంది. అలా కుదిరినపుడు ఒక్క యాప్‌తోనే పని పూర్తవుతుంది.

అమరికలు

1. బ్లూటూత్‌తో ఆజ్ఞ, యాంట్ ప్లస్‌తో వినడం. పాత ట్రైనర్లకు ఇది అనువైన పద్ధతి. ట్రైనరుకు ఉన్న ఒక్క బ్లూటూత్ సంబంధాన్ని ఆజ్ఞాపించే యాప్‌కు ఇస్తారు. రెండవ యాప్ ఉన్న కంప్యూటరు గాని, సైకిలు కంప్యూటరు గాని యాంట్ ప్లస్ ప్రసారాన్ని వింటుంది.

2. రెండూ బ్లూటూత్‌తో. ట్రైనరు ఒకటికి మించి సంబంధాలను అనుమతించినపుడే సాధ్యం. రెండు యాప్‌లు రెండు వేర్వేరు పరికరాలలో ఉంటే మంచిది. ఒకే ఫోనులోని రెండు యాప్‌లు ఒకే సంబంధాన్ని పంచుకొనే వీలు కొన్ని వ్యవస్థలలో ఉన్నప్పటికీ, రెండవ యాప్‌కు ట్రైనరు కనిపించకపోవడం తరచుగా జరుగుతుంది.

3. వైఫైతో ఆజ్ఞ, బ్లూటూత్‌తో వినడం. ట్రైనరులోను, యాప్‌లోను ఈ సౌకర్యం ఉండాలి.

4. ట్రైనరు ఒక యాప్‌కు, పవర్ మీటరు మరొక యాప్‌కు. ట్రైనరుకు ఒక్క సంబంధమే సాధ్యమైనా ఈ పద్ధతిలో ఇబ్బంది లేదు. రెండవ యాప్ ట్రైనరు జోలికే పోదు.

5. వారధి ద్వారా. యాంట్ ప్లస్ సమాచారాన్ని బ్లూటూత్‌గా మార్చి అందించే చిన్న పరికరాలు ఉన్నాయి. నార్త్ పోల్ ఇంజనీరింగ్ సంస్థ తయారుచేసిన కేబుల్ అనే పరికరం ఇటువంటిదే. క్యూజడ్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు కూడా వ్యాయామ యంత్రానికి, యాప్‌కు మధ్య వారధిగా పనిచేస్తుంది. వారధి చేరినకొద్దీ ఆలస్యం, తెగిపోయే అవకాశం పెరుగుతాయి కాబట్టి పై నాలుగు పద్ధతులు కుదరనపుడే దీనిని ఆశ్రయించడం మేలు.

అనుసంధాన క్రమం

1. ట్రైనరుకు విద్యుత్తు ఇచ్చి, తయారీదారు యాప్‌తో అందులోని సాఫ్టువేరును తాజా పరచాలి. రోలరు రకం ట్రైనరైతే పది నిమిషాలు తొక్కి వేడెక్కిన తరువాత కొలతలను సరిచేసుకోవాలి. ఈ సమయంలో ఇతర యాప్‌లేవీ కలిసి ఉండరాదు.
2. పని అయిన తరువాత తయారీదారు యాప్‌ను పూర్తిగా మూసివేయాలి. అది తెర వెనుక తెరచి ఉంటే బ్లూటూత్ సంబంధం దాని చేతిలోనే ఉండిపోతుంది.
3. ఆజ్ఞాపించే యాప్‌ను మొదట కలపాలి. ఫోను సెట్టింగులలోని బ్లూటూత్ జాబితాలో ట్రైనరును జత చేయకూడదు. యాప్ లోపలే జత చేయాలి.
4. వాట్ల లక్ష్యాన్ని గాని, వాలును గాని మార్చి చూసి, పెడల్ బరువులో తేడా వచ్చినదీ లేనిదీ కాళ్ళతోనే నిర్ధారించుకోవాలి.
5. వినే యాప్‌ను తెరచి, ట్రైనరును పవర్ మూలంగా మాత్రమే ఎంచుకోవాలి. నియంత్రించదగిన ట్రైనరు అన్న గడి వేరుగా ఉంటే దానిని ఖాళీగా వదలాలి. కొన్ని యాప్‌లు ఈ గడిని తమంతట తామే నింపుతాయి కాబట్టి సవారీ మొదలుపెట్టే ముందు మరొకసారి చూసుకోవాలి.
6. గుండె వేగాన్ని కొలిచే పట్టీని రెండు యాప్‌లకు కలపాలి. పోలార్ హెచ్10 వంటి పట్టీలు ఏకకాలంలో రెండు బ్లూటూత్ సంబంధాలను, యాంట్ ప్లస్ ప్రసారాన్ని ఇవ్వగలవు.
7. ఐదు నిమిషాలు తేలికగా తొక్కి, రెండు తెరలమీద వాట్లు దగ్గరదగ్గరగా ఉన్నవో లేవో చూడాలి.
8. సవారీ ముగిసిన తరువాత ఒక్క యాప్‌నుండి మాత్రమే స్ట్రావా వంటి నమోదు సేవకు పంపాలి. రెండింటినుండి పంపితే ఒకే సాధన రెండుసార్లు లెక్కకు వచ్చి వారపు మొత్తం తప్పుగా కనిపించవచ్చును.

సాధారణ సమస్యలు

ట్రైనరు కనిపించకపోవడం: పక్క గదిలోని పాత ఫోను, టాబ్లెట్ వంటివి ముందే సంబంధం కలుపుకొని ఉండవచ్చును. వాటిలో బ్లూటూత్ ఆపి, ట్రైనరు ప్లగ్గును పది సెకన్లు తీసి పెట్టాలి.

నిరోధం ఎగుడుదిగుడుగా ఉండడం: రెండు యాప్‌లు ఆజ్ఞలు పంపుతున్నాయని దీనికి అర్థం కావచ్చును. వినే యాప్‌ను మూసివేసి చూస్తే కారణం తేలిపోతుంది.

పెడల్ అంతకంతకు బరువెక్కి తిరగకపోవడం: ఎర్గ్ పద్ధతిలో పెడల్ వేగం తగ్గితే, వాట్లను నిలబెట్టడానికి ట్రైనరు నిరోధాన్ని పెంచుతుంది. దానితో వేగం మరింత తగ్గుతుంది. ఇది అనుసంధాన దోషం కాదు. క్షణకాలం ఆగి, లక్ష్యాన్ని తగ్గించి, వేగం పుంజుకొన్న తరువాత కొనసాగించాలి.

సమాచారం మధ్యమధ్య తెగిపోవడం: యాంట్ ప్లస్ పరికరాలు 2457 మెగాహెర్ట్‌జ్ వద్ద పనిచేస్తాయి. ఇది వైఫై 11వ ఛానల్ పరిధిలోనిది. వైఫై రూటరును 1వ ఛానలుకు గాని, 5 గిగాహెర్ట్‌జ్‌కు గాని మార్చితే ఇబ్బంది తగ్గుతుంది. యూఎస్‌బీ 3.0 తీగలు, రంధ్రాలు కూడా 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలో రేడియో రొదను కలిగిస్తాయి. రేడియో ముక్కను పొడవాటి యూఎస్‌బీ 2.0 తీగతో ట్రైనరు దగ్గరకు తేవడం చవకైన, నమ్మదగిన ఉపాయం. మనిషి శరీరం కూడా ఈ తరంగాలను అడ్డుకొంటుంది.

రెండు యాప్‌ల గణాంకాలలో తేడా

ఒకే ట్రైనరును వింటున్నప్పటికీ రెండు యాప్‌లు చూపే దూరం, వేగం ఒకటిగా ఉండవు. ఇది దోషం కాదు. ట్రైనరునుండి వచ్చేది ముఖ్యంగా పవర్. దానిని తొక్కేవారి బరువు, ఎత్తు, దారి వాలు, గాలి నిరోధం వంటివాటితో కలిపి ఒక్కొక్క యాప్ తనదైన సూత్రంతో ఊహావేగాన్ని లెక్కకడుతుంది. అందువల్ల సాధనను పోల్చుకొనేటపుడు కిలోమీటర్లను కాక వాట్లను, కాలాన్ని చూడాలి. 70 కిలోల మనిషి 200 వాట్లతో తొక్కితే అది కిలోకు సుమారు 2.86 వాట్లు. రెండు యాప్‌లలోను బరువును ఒకే విధంగా నమోదు చేయకపోతే ఈ సంఖ్య కూడా తప్పుతుంది.

పెడల్‌లోని పవర్ మీటరు సాధారణంగా ట్రైనరుకంటె కొద్దిగా ఎక్కువ చూపుతుంది. పెడల్‌కు, ట్రైనరుకు మధ్య చైను, పళ్ళచక్రాల రాపిడిలో కొంత శక్తి ఖర్చగుటయే ఇందుకు కారణం. ట్రైనరు 200, పెడల్ 205 చూపితే కంగారు పడనవసరం లేదు. పెడల్ కొలత ట్రైనరు కొలతకంటె బాగా తక్కువగా ఉన్నపుడు మాత్రం రెండింటినీ సరిచూసుకోవాలి.

నాయుడుపేట పరిసరాలలో వాడకం

నాయుడుపేట స్వర్ణముఖి నది తీరాన, చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి 16పై ఉన్న పట్టణం. మదనపల్లె, తిరుపతి, శ్రీకాళహస్తి మీదుగా వచ్చే జాతీయ రహదారి 71 ఇక్కడ దానిని కలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినపుడు నెల్లూరు జిల్లానుండి ఈ జిల్లాలో చేరినది. రెండు జాతీయ రహదారుల కూడలి కావడం వల్ల భారీ వాహనాల రాకపోకలు ఎక్కువ. వేసవిలో తీవ్రమైన ఎండలు, అక్టోబరునుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు ఉంటాయి. హైదరాబాదు బాహ్య వలయ రహదారి వెంట 2023లో ప్రారంభమైన, సౌర ఫలకాల పైకప్పు గల 23 కిలోమీటర్ల సైకిలు మార్గం వంటి వసతి అన్ని ఊళ్ళకూ లేదు. ఇటువంటి చోట ట్రైనరు ప్రయోజనం స్పష్టమే. కాని ఈ ప్రాంతపు పరిస్థితులలో రెండు విషయాలపై ప్రత్యేక శ్రద్ధ అవసరం.

వేడిమి

సైకిలు తొక్కేటపుడు శరీరం ఖర్చుచేసే శక్తిలో సుమారు 20 నుండి 25 శాతం మాత్రమే పెడల్‌కు చేరుతుంది. మిగిలినది వేడిగా మారుతుంది. 200 వాట్లతో తొక్కే వ్యక్తి శరీరంనుండి 600 నుండి 800 వాట్ల వేడి వెలువడుతుంది. పెడల్‌కు చేరిన 200 వాట్లు కూడా చివరకు ట్రైనరులో వేడిగానే మారి గదిలో చేరుతాయి. అనగా మూసిన గదిలో ఒక చిన్న విద్యుత్ హీటరును వెలిగించినట్లే. రోడ్డుమీద వీచే ఎదురుగాలి ఇక్కడ ఉండదు. సముద్రతీరానికి చేరువ కాబట్టి గాలిలో తేమ ఎక్కువై చెమట త్వరగా ఆరదు. తెల్లవారుజామున, కిటికీలు తెరచి, ఎదురుగా పెద్ద ఫ్యాను పెట్టుకొని తొక్కడం మంచిది.

బహుళ అనుసంధానానికి దీనితో నేరుగా సంబంధం ఉన్నది. వాట్లు మారకపోయినా గుండె వేగం పెరుగుతూ పోతుంటే శరీరం వేడెక్కుతున్నదని గ్రహించాలి. ఎర్గ్ పద్ధతిలో ఉన్న యాప్‌కు గది వేడి తెలియదు, అది అవే వాట్లను అడుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో లక్ష్యాన్ని తగ్గించవలసినది ఏ తెరమీదనో తొక్కేవారికి వెంటనే తెలిసి ఉండాలి. వినే యాప్‌లో ఎన్ని మీటలు నొక్కినా నిరోధం తగ్గదు. తల తిరిగినా, కడుపులో వికారం కలిగినా యాప్‌ల సంగతి వదలి మొదట తొక్కడం ఆపాలి. ట్రైనరు తనంతట తాను పెడల్‌ను తిప్పదు కాబట్టి ఆగడం ఎపుడైనా క్షేమమే.

విద్యుత్ అంతరాయాలు

కరెంటు పోయినపుడు మామూలు విద్యుదయస్కాంత ట్రైనరులో నిరోధం ఒక్కసారిగా పోతుంది. లేచి నిలబడి బలంగా తొక్కుతున్న సమయంలో ఇలా జరిగితే తూలిపడే ప్రమాదం ఉన్నది. టాక్స్ నియో వంటి కొన్ని నమూనాలు తొక్కడం వల్ల పుట్టే విద్యుత్తుతోనే పనిచేయగలవు. ఇతర ట్రైనర్లు వాడేవారు అడాప్టరుపై ముద్రించిన వాట్లను చూసి, ట్రైనరును, రూటరును, ఫ్యానును ఇంటి ఇన్వర్టరుకు కలుపుకోవచ్చును.

వైఫై ద్వారా మాత్రమే కలిసి ఉన్న యాప్‌కు రూటరు ఆగిన వెంటనే సంబంధం తెగుతుంది. బ్యాటరీతో నడిచే ఫోను గాని, సైకిలు కంప్యూటరు గాని బ్లూటూత్ లేక యాంట్ ప్లస్ ద్వారా వింటూ ఉంటే అప్పటివరకు జరిగిన సాధన అందులో భద్రంగా ఉంటుంది. కరెంటు తిరిగి వచ్చిన తరువాత ఆజ్ఞాపించే యాప్‌నే మొదట తిరిగి కలపాలి. తొందరలో వినే యాప్ నియంత్రణను చేజిక్కించుకొంటే పైన చెప్పిన పెనుగులాట మళ్ళీ మొదలవుతుంది.

అనుమతులు

ఈ పరికరాలన్నీ వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలకు భారతదేశంలో 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. కాబట్టి ఇంటిలో బ్లూటూత్, యాంట్ ప్లస్, వైఫైలను వాడడానికి వినియోగదారులు లైసెన్సు తీసుకోనవసరం లేదు. అదే కారణంగా ఈ పట్టీలో ఇరుగుపొరుగు పరికరాలన్నీ కలిసి పనిచేస్తాయి కాబట్టి అపార్ట్‌మెంట్లలో అంతరాయాలు కొంత ఎక్కువగా ఉండవచ్చును.

ఇవి కూడా చూడండి

- సైకిలు
- బ్లూటూత్
- వైఫై
- విద్యుదయస్కాంతం
- సామర్థ్యం (భౌతిక శాస్త్రం)
- నాయుడుపేట
- తిరుపతి జిల్లా